బంగారు తీగలకు ఐసు గడ్డలు

కరోనా తగ్గుముఖం పట్టిన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలం అది. షార్జా శివార్లలో కూలీలుండే సజ్జా క్యాంపు ముందర మా కంపెనీ మనుషులం పొద్దున ఐదింటికే వరసగా నిలబడి ఉన్నాం. కట్టడం పనులు తగ్గిపోవడంతో మా కంపెనీ తోటల పని, ఇళ్ళ మరమ్మతు పని కూడా పట్టుకోవడం మొదలుపెట్టింది. మా ఫోర్‌మన్ పాకిస్తానీ పంజాబీ. చేతిలో కాగితం చూసుకుంటూ అరిచాడు.

"మఛలీ కా కామ్ కిస్కో ఆతా హై?"

చేపల పని ఎవరికొచ్చు అని. నేను చెయ్యెత్తాను.

అబద్ధమేమీ కాదు. మాది గోదావరి ఒడ్డు ఊరు. మా నాన్న, ఆయన నాన్న, ఆ పైవాళ్ళు అందరూ చేపలు పట్టి బతికినవాళ్ళే. వల అల్లడం, విసరడం, పొలుసు గీకడం, మొప్ప ఎత్తి చూసి చేప చచ్చి ఎంతసేపయిందో చెప్పడం నాకు పదేళ్ళప్పుడే వచ్చు. చేపను బతికించడం మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. దాని అవసరం ఎవరికీ కనపడలేదు. కానీ ఫోర్‌మన్ అంత వివరంగా అడగలేదు. చెయ్యెత్తనివాళ్ళంతా ఇనప ప్లేట్లు మోసే పనికి వెళ్తారని నాకు తెలుసు. జూన్ నెల ఎండలో ఇనప ప్లేటు గ్లవ్స్ వేసుకున్నా చేతిని కాలుస్తుంది. నీళ్ళ పక్కన పనంటే కొంచెం నీడైనా ఉంటుందని నా ఆశ.

నా రూములో ఉండే జగిత్యాల వైపు పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచే మేస్త్రి, నన్ను చూసి నవ్వాడు.

"చేపలకాడికి నువ్వు పోతున్నవా? నువ్వెవలో ఆటికి ఎవలన్న చెప్పిన్రా?"

కంపెనీ పికప్ నన్ను షార్జాలో ఒక పెద్ద విల్లా ముందు దించింది. ఇంటి యజమానికి నలభై ఐదేళ్ళుంటాయి. ఏదో పెద్ద ఆఫీసులో మేనేజరు కాబట్టి మా కంపెనీలో అందరూ ఆయన్ని ముదీర్ అనే అనేవారు. భార్యాపిల్లలతో చల్లటి దేశానికి వెళ్తున్నాడు. సూట్‌కేసులు అప్పటికే గుమ్మంలో ఉన్నాయి. నన్ను వెనకున్న తోటలోకి తీసుకెళ్ళి చూపించాడు.

దాన్ని చెరువు అనడానికి నాకు నోరు రాలేదు. కట్ట లేదు, తూము లేదు, మత్తడి లేదు. నడుము లోతు సిమెంటు గుంట, చుట్టూ నున్నటి రాళ్ళు, ఒక మూల రాళ్ళ మీది నుంచి నీళ్ళు పడే చిన్న ధార. పక్కనే మంచం అంత పెద్ద యంత్రం గుర్రుమని నడుస్తోంది. నీళ్ళను చల్లబరిచే యంత్రమట. చేపలకు ఏసీ అన్నమాట. నీళ్ళలో ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు మచ్చల చేపలు బద్ధకంగా తిరుగుతున్నాయి. వంగి చూశాను. మూతి పక్కన మీసాలు, వీపు మీద ఆ ముల్లు, ఆ పొలుసు. వెంటనే గుర్తుపట్టాను. మా ఊళ్ళో బంగారు తీగ అంటామే, ముళ్ళెక్కువని పిల్లలకు పెట్టమే, అదే చేప. రంగు వేసుకుని జపాన్ పేరు పెట్టుకుని వచ్చింది, అంతే.

ముదీర్ నా చేతికి ప్లాస్టిక్ పూత వేసిన ఒక కాగితం ఇచ్చాడు. నీళ్ళ వేడి ముప్పై దాటకూడదు. రోజూ పొద్దున ఆకులు, దుమ్ము వలతో తీయాలి. ఫిల్టర్ స్పంజీ కడగాలి. ఆవిరైపోయిన నీళ్ళకు బదులు కొత్త నీళ్ళు పోయాలి. మేత పొద్దున ఒక్కసారే, అదీ రెండు నిమిషాల్లో తినగలిగినంతే. ఎండవేళ ఏమీ పెట్టకూడదు. కాగితం మీద ఒక చేప ఫొటో కూడా ఉంది. ఒళ్ళంతా తెలుపు, నడినెత్తిన గుండ్రటి ఎర్రటి బొట్టు.

"మొత్తం ఇరవై ఒకటి. ఇది చాలా ముఖ్యం," అన్నాడు ఆ ఫొటో మీద వేలు పెట్టి. "నేను రోజూ పదకొండు గంటలకు వీడియో కాల్ చేస్తాను. నాకు అన్నీ చూపించాలి."

"ఓకే సార్."

"నీకు చేపలతో ఎన్నేళ్ళ అనుభవం?"

"మా తాతల కాలం నుంచి సార్," అన్నాను. ఆయన తృప్తిగా తలూపాడు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "లోపల మా అమ్మ ఉంటుంది. ఆమె విమానం ఎక్కదు," అని చెప్పాడు. ఆమె గురించి కాగితం ఏదీ ఇవ్వలేదు.

ఆమెను వంటమనిషి, డ్రైవరు, అందరూ మామా అని పిలిచేవారు. ఇక్కడ ఇంటి పెద్దావిడను అలాగే పిలుస్తారు. ఆ వారం ఫోన్లో మా ఆవిడకు "మామా మంచిది, పొద్దుగాల చాయ్ పంపిస్తది" అని చెబితే చాలాసేపు ఆలోచించి అడిగింది.

"మామ అంటున్నవ్, పంపిస్తది అంటున్నవ్. ఆడమనిషా మగమనిషా, సక్కగ చెప్పు."

మామాకు డెబ్బై దాటాయి. ముఖానికి పాతకాలపు ముసుగు, చేతికి గోరింటాకు, మోకాళ్ళ నొప్పులు, షుగరు. పాతతరం మనిషి కాబట్టి హిందీ బాగానే వచ్చు. సగం అరబ్బీ, సగం హిందీ కలిపి మాట్లాడేది. ఆ మాట నా చెవిలో పడేసరికి మా ఊరి తెలుగయిపోయేది. ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

మూడో రోజు ఆమె కర్ర పట్టుకుని చెరువు దగ్గరికి వచ్చింది. నీళ్ళలోకి చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"గివి తింటరా మీరు?"

"మా దిక్కు తింటం మామా. ముండ్లెక్కువ. రుచి అంత ఉండది."

ఆమె ముసుగులోంచే నవ్వింది. "నాకు తెల్సు. మంచినీళ్ళ చేప చేపనా? సముద్రంల లేనిది చేప కాదు. మా నాయన పడవ మీద పోయెటోడు. మేం పొద్దున పట్టింది పొద్దుననే తినేటోళ్ళం. గిప్పుడు నా కొడుకు చేపలకు మందులు తెప్పిస్తడు."

అలా తెలిసింది ఆమెదీ చేపల ఇల్లేనని. పట్టడం, ఎండబెట్టడం, వండడం తప్ప చేపలతో ఇంకో సంబంధం ఎరగని ఇద్దరం, ఎవరూ తినకూడని ఇరవై ఒక్క చేపలకు కాపలా ఉన్నాం. ముదీర్ ఇంకెవరిని వెతికినా ఇంతకంటే నమ్మకమైన ప్రమాదం దొరికేది కాదు.

మొదటి రెండు వారాలు బాగానే నడిచింది. పొద్దున ఆరింటికి పికప్ దించేది. ఆకులు తీసి, స్పంజీ కడిగి, మేత వేసి, నీళ్ళు పోసేవాణ్ణి. నీళ్ళు పోయడంలోనే మొదటి తప్పు చేశాను. అక్కడ ఎండాకాలం నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్ళొస్తాయి. చల్లటి నీళ్ళ నల్లాలో చెయ్యి పెట్టలేం. ఒకరోజు ఆలస్యమై పదింటికి పైపు పెట్టాను. చేపలన్నీ పైపుకు దూరంగా అవతలి మూలకు పోయి గుంపుగా నిలబడ్డాయి. వంటగదిలోంచి చూసిన మామా కేకలు పెట్టింది.

"అరే, చాయ్ కాస్తున్నవా? లోపలికెళ్ళి గీజర్ నీళ్ళు పట్టు!"

నిజమే. ఆ ఇంట్లో ఎండాకాలం గీజర్ స్విచ్ వేయరు. ఇంటి ఏసీలో ఆ గీజర్ లోని నీళ్ళు చల్లబడి ఉంటాయి. వేడినీళ్ళ నల్లాలో చల్లనివి, చల్లనీళ్ళ నల్లాలో వేడివి. ఈ దేశంలో పదేళ్ళు ఉన్నా నాకది తెలియదు. మా క్యాంపులో గీజర్ లేదు. ఆ రోజు నుంచి వేడినీళ్ళ నల్లాకు పైపు తగిలించి చేపలకు చల్లటి నీళ్ళు పట్టాను.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో ఎవరితోనూ పని చేయించకూడదని నియమం. చేపల కాగితంలో మాత్రం అదే వేళకు గంటకోసారి థర్మామీటరు చూడాలని ఉంది. నియమాన్నీ కాగితాన్నీ రెంటినీ పాటించడానికి నేను వెనక వసారా నీడలో కూర్చుని, గంటకోసారి పరిగెత్తి చూసొచ్చేవాణ్ణి. మామా కూడా అక్కడికే కుర్చీ వేయించుకుని వచ్చేది. అన్నం, పప్పు, వేయించిన చేప, మజ్జిగ, ఖర్జూరాలు పంపించేది. చాలు మామా అంటే ఆమెకు అర్థమయ్యేది కాదు. ఏ భాషలో చెప్పినా అయ్యేది కాదు.

పదకొండు గంటలకు ముదీర్ ఫోన్ చేసేవాడు. ఆయన వెనక పచ్చటి కొండ, కోటు వేసుకున్న పిల్లలు. నేను చెమటతో జారిపోతున్న ఫోన్‌ను నీళ్ళ మీదికి పట్టుకునేవాణ్ణి.

"టెంపరేచర్?"

"ఇరవై ఎనిమిది సార్."

"తింటున్నాయా?"

"తింటున్నయ్ సార్."

"ఆ తెల్లది చురుగ్గా ఉందా?"

"ఉన్నది సార్."

ఒకరోజు వసారాలోంచి మామా గట్టిగా అంది. "నా షుగరు రెండొందల పది. గది గూడ చెప్పు."

నేను ఫోన్ పట్టుకుని బిక్కముఖం వేశాను. "సార్, మామా షుగర్ రెండొందల పది," అన్నాను. ఆయన ఫోన్ అమ్మకివ్వమన్నాడు. ఇద్దరూ అరబ్బీలో ఏదో మాట్లాడుకున్నారు. మర్నాటి నుంచి నీళ్ళ వేడి ఎంతో, మామా షుగరు ఎంతో, రెండూ కలిపే చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కాదనలేదు. రెండూ ఒకే గొంతుతో వినేవాడు.

జులై నడిమధ్యలో ఆ పెద్ద యంత్రం ఆగిపోయింది.

పొద్దున నేను వెళ్ళేసరికి గుర్రుమనే చప్పుడు లేదు. దూరం నుంచే తెలిసిపోయింది. థర్మామీటరు ముప్పై ఒకటి. టెక్నీషియన్ వచ్చి మూత తీసి, ఒకసారి లోపలికి టార్చి కొట్టి, మూత పెట్టేశాడు.

"కంప్రెసర్ ఖలాస్."

"ఎప్పుడైతది భాయ్?"

"పార్ట్ బయటి దేశం నుంచి రావాలి. పది రోజులు. ఇన్షా అల్లా."

ఇన్షా అల్లా అంటే పదిహేను అని నాకు తెలుసు. పదింటికల్లా ముప్పై మూడయింది. చేపలు పైకొచ్చి మూతులు బయటపెట్టి గుటకలు వేస్తున్నాయి. ముదీర్‌కు ఫోన్ చేస్తే ఆయన అరిచాడు.

"ఐస్ వేయి. వెంటనే ఐస్ తెప్పించు."

డ్రైవరు, నేను చేపల మార్కెట్‌కు వెళ్ళాం. అక్కడ ఐసు గడ్డలు అమ్మే బంగ్లాదేశీ నన్ను అడిగాడు, ఎన్ని కిలోల చేపలకు కావాలి అని.

"కిలోలు తెల్వదు. ఇరవై ఒక్క చేపలు."

"పొద్దున పట్టినవా?"

"పట్టలేదు. బతికున్నయ్."

అతను చేతిలో పార అలాగే పట్టుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. పక్కవాణ్ణి పిలిచి బెంగాలీలో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. జీవితమంతా చచ్చిన చేపల మీద ఐసు పోసినవాణ్ణి, ఇప్పుడు చావకుండా ఉండటానికి ఐసు మోసుకుపోతున్నాను.

తెచ్చిన గడ్డను ఆత్రంగా నీళ్ళలోకి వదిలేశాను. అది నా రెండో తప్పు. గడ్డ పక్కనున్న చేపలు ఒక్కసారి గింజుకుని, పక్కకు ఒరిగి, కదలకుండా నిలబడిపోయాయి. వేడి మీద నుంచి ఒక్క క్షణంలో చలిలో పడ్డాయి కదా. నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో ఆ గడ్డను కావలించుకుని బయటికి లాగాను. చొక్కా తడిసింది, చేతులు మొద్దుబారాయి. నలభై ఏడు డిగ్రీల ఎండలో చలికి వణుకుతున్న నన్ను చూసి మామా తువ్వాలు పంపించింది.

తర్వాత గడ్డలను చిన్నగా పగలగొట్టి, గోనె సంచుల్లో వేసి, ధార పడే రాళ్ళ మీద పెట్టాను. కరిగిన నీళ్ళు ధారతో కలిసి మెల్లగా దిగుతాయి. తోటమాలి దగ్గర పచ్చటి నీడ వల ఇప్పించుకుని చెరువు మీద కట్టాను. వేడి ముప్పై రెండు దగ్గర ఆగింది. అయినా చేపలు పైకొచ్చి గుటకలు వేయడం మానలేదు.

చేపను బతికించడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదని పైన రాశాను. అది పూర్తిగా నిజం కాదు. ఆ మధ్యాహ్నం వాటి మూతులు చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన చెరువులో వదలడానికి చేపపిల్లలను అల్యూమినియం బిందెల్లో పోసి బస్సులో తెచ్చేవాడు. దారి పొడవునా బిందెలో చెయ్యి పెట్టి నీళ్ళను తపతపా కొడుతూనే ఉండేవాడు. చెయ్యి ఆపితే పిల్లలు చస్తాయనేవాడు. కండక్టరు తిట్టినా, పక్కవాళ్ళ మీద నీళ్ళు చిందినా ఆపేవాడు కాదు. ఆయన వాటిని బతికించింది పెద్దయ్యాక పట్టుకుని అమ్మడానికేననుకోండి, అయినా బతికించాడు. వేడి నీళ్ళలో గాలి తక్కువ. నీళ్ళను కొడితే గాలి కలుస్తుంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని బకెట్‌తో నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాను. ఒంటిగంట అవుతోంది. మామా కర్ర తాటించింది.

"గిప్పుడు పని చేయకూడదు. నీడకు రా."

"గాలి తక్కువైంది మామా. పోయకపోతే చస్తయ్."

"నువ్వు చస్తవు ముందు!" అంది. లోపలికి వెళ్ళి పెద్ద గొడుగు, ఒక స్టూలు పంపించింది. వంటమనిషిని, డ్రైవరును పిలిచింది. గొడుగు కింద వంతులవారీగా ముగ్గురం బకెట్లు పోశాం. సాయంత్రానికి ఎక్కడి నుంచో రెండు గాలి పంపులు తెప్పించింది. నీళ్ళలో బుడగలు లేచాయి. చేపలు కిందికి దిగాయి. ఆ రోజు మొదటిసారి నాకు ఆకలి వేసింది.

పది రోజులు గడిచాయి, పార్ట్ రాలేదు. రోజూ పొద్దున ఐసు, మధ్యాహ్నం ఐసు. ఐసు అమ్మే బంగ్లాదేశీ నన్ను చూడగానే "నీ చేపలు బాగున్నాయా?" అని అడిగేవాడు. క్యాంపులో కాకా, "చేపల డాక్టరొచ్చిండు, లేవుండ్రి" అనేవాడు. మా రూములో ఏసీ అప్పటికి నాలుగు రోజులుగా గాలి తప్ప చల్లదనం ఇవ్వడం లేదు. దాన్ని బాగుచేయమని చెప్పినప్పుడు ఫోర్‌మన్ "యల్లా, చూద్దాం" అన్నాడు. సంచిలో మిగిలిన ఐసు ముక్కలు ఒకరోజు రూముకు తెచ్చాను. ఎనిమిది మందిమి గిన్నెలో వేసుకుని నీళ్ళు తాగాం.

ఈ మధ్యలో ఒక సంగతి గమనించాను. నీళ్ళ మీద అప్పుడప్పుడు నూనె తెట్టు కనపడేది. ఫిల్టర్ స్పంజీలో అన్నం మెతుకులు దొరికాయి. ఒకసారి ఏలక్కాయ తొక్క దొరికింది. చేపల మేతలో ఏలక్కాయ ఉండదు.

ఎవరో చెప్పనక్కరలేదు. నేను ఐసుకు వెళ్ళినప్పుడు ఆమె వచ్చి పెడుతోంది. ఆ బొట్టు చేప ఆమె కర్ర చప్పుడు వినగానే ఒడ్డుకు వచ్చి నోరు తెరుస్తుంది. వేడిలో తింటే అరగదు, ఇంకా ఎక్కువ గాలి కావాలి. కాగితం మీద ఎర్ర అక్షరాలతో ఉంది. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రోజూ నాకు మూడోసారి కూడా అన్నం పెట్టించి తినిపించే మనిషితో, పెట్టకండి అని ఎలా చెప్పాలి? చెప్పలేదు. అది నా మూడో తప్పు. మొదటి రెండూ తెలియక చేసినవి.

పన్నెండో రోజు పొద్దున బొట్టు చేప నీళ్ళ మీద తేలుతూ కనపడింది.

వలతో తీసి రాయి మీద పెట్టాను. అలవాటు కొద్దీ మొప్ప ఎత్తి చూశాను. చచ్చి మూడు నాలుగు గంటలై ఉంటుంది. కన్ను ఇంకా తేటగానే ఉంది. నా చేతులతో ఎన్ని వందల చేపలు చచ్చాయో లెక్కలేదు. ఒక్కదాని ముందు కూడా నేను కూర్చోలేదు. దీని పక్కన కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. చేప చచ్చిందని ఏడ్చినవాణ్ణి మా వంశంలో నేనే మొదటివాణ్ణి అయి ఉంటాను. ఉద్యోగం పోతుందని ఏడ్చావేమో అని తర్వాత కాకా అన్నాడు. అది కూడా కొంత ఉండవచ్చు.

మామా వచ్చి చూసింది. కర్ర మీద బరువు వేసి మెల్లగా కూర్చుంది.

"మిస్కీన్," అంది. పాపం అని. "రాత్రి దీనికి హరీస్ పెట్టిన. గోధుమలు, మాంసం మెత్తగ ఉడుకుతయ్ కదా. మంచిగ తిన్నది," అంది.

"మామా..."

"గిన్నె నాకే పిల్ల లెక్క తిన్నది."

ఇద్దరం నిమ్మచెట్టు మొదట్లో గుంట తీశాం. అంటే నేను తీశాను, ఆమె ఇంకా లోతు, ఇంకా లోతు అని చెప్పింది. పిల్లి తవ్వకుండా పైన రాయి పెట్టించింది.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. నేను ఎత్తబోయాను. మామా ఫోన్ లాక్కుంది. ముదీర్ అలవాటుగా అడిగాడు, టెంపరేచర్ ఎంత అని. ఆమె అరబ్బీలో మొదలుపెట్టింది. ఆ కాస్త అరబ్బీ నాకు అర్థమైంది.

"నీ తెల్లది చచ్చిపోయింది. నేను చంపిన. తిండి పెట్టి చంపిన. ఈ మనిషి పెట్టొద్దని చెప్పిండు. నేను వినలేదు."

నేను చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆమె నావైపు చూడను కూడా లేదు.

ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎందుకు పెట్టావమ్మా?"

"ఆకలి అని వచ్చింది," అంది ఆమె. "ఈ ఇంట్ల రాత్రి పన్నెండు గంటలకు నా దగ్గరికి వచ్చేది అదొక్కటే."

ఫోన్ పెట్టేసింది. చేతులు దులుపుకుని, నాకు అన్నం వడ్డించమని వంటమనిషికి కేక వేసింది.

నాలుగు రోజుల తర్వాత ముదీర్ ఒక్కడే వచ్చేశాడు. అనుకున్న దానికన్నా మూడు వారాల ముందు. విమానంలోంచి నేరుగా వచ్చాడు. బట్టల మధ్యలో చుట్టి కంప్రెసర్ పార్ట్ తానే తెచ్చాడు. సూట్‌కేసు వసారాలో తెరిచి, పార్ట్ చేతిలో పట్టుకుని చెరువు వైపు నడిచాడు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. సగం దూరం వెళ్ళాక ఆయనకు గుర్తొచ్చినట్టుంది. పార్ట్‌ను నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆమె, "చేతులు కడుక్కో, నూనె," అంది.

సాయంత్రం ఆయన తెల్లదాన్ని ఎక్కడ పాతిపెట్టామని అడిగాడు. చూపించాను. రాయి వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"బాధపడిందా?" అన్నాడు.

చేప బాధపడుతుందా అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నాకేం తెలుసు?

"లేదు సార్. కడుపు నిండి పోయింది," అన్నాను.

నన్ను తీసేయలేదు. కానీ మిగిలిన ఇరవై చేపలను నెల తిరక్కుండానే స్నేహితుడి ఫారంకు పంపించేశాడు. అక్కడ మూసిన గదిలో తొట్టి ఉందట, ఎండ తగలదట. తల్లికి తిండి పెట్టొద్దని చెప్పడం తన వల్ల కాదని ఆయనే నాతో ఒప్పుకున్నాడు. నా వల్లా కాలేదని నేను చెప్పలేదు.

చేపలు పోయాక యంత్రం ఆపేశారు. నీళ్ళు అలాగే ఉండిపోయాయి. వారంలో పచ్చబడ్డాయి, పదిరోజుల్లో దోమలొచ్చాయి. పూడ్చేద్దామా అని కంపెనీ అడిగింది. మామా ఒప్పుకోలేదు. కొండల వైపు ఖర్జూరపు తోట ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన తన తోట కాలువలో తిరిగే చిన్న చేపలను ఒక పెద్ద నీళ్ళ డబ్బాలో పోసుకుని తెచ్చాడు. బూడిద రంగు, వేలెడంత పొడవు, ఒక్కదానికీ ఏ మచ్చా లేదు. ఎన్ని తెచ్చాడో ఆయనకే తెలియదు. వేడి ముప్పై అయిదు ఉన్న నీళ్ళలో పడగానే ఏమీ జరగనట్టు రాళ్ళ మీది పాచి నాకడం మొదలుపెట్టాయి. దోమపిల్లలను తిన్నాయి. మామా వేసిన అన్నం, రొట్టె, హరీస్, అన్నీ తిన్నాయి. అరగక ఏదీ చావలేదు. వారానికి రెండు రోజులు నన్ను ఆ ఇంటికే పంపమని ఆమె కంపెనీకి చెప్పించింది.

అక్టోబరు చివర్లో ఒక పొద్దున గాలి మొదటిసారి చల్లగా ఉంది. నేను వెళ్ళేసరికి మామా చెరువు ఒడ్డున రాయి మీద కూర్చుని, చీలమండల దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టి ఉంది. చిన్న చేపలు గుంపుగా చేరి ఆమె పాదాల మీది ఎండిన చర్మాన్ని కొరుకుతున్నాయి. నొప్పి ఉండదు, చక్కిలిగింత అంతే. ఆమె ముసుగు జారిపోయేంతగా నవ్వుతోంది. మనవలను కేకేసింది. వాళ్ళొచ్చారు, కోడలు వచ్చింది. చివరికి ముదీర్ కూడా తెల్లటి జుబ్బా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, మరో చేత్తో ఫోన్‌లో ఆఫీసు మనుషులతో మాట్లాడుతూ ఒక మూల కూర్చున్నాడు. మాట మధ్యలో ఉలిక్కిపడి కాలు లాక్కుని, అవతలివాళ్ళకు సారీ చెప్పాడు.

"నువ్వు గూడ పెట్టు," అంది మామా నాతో.

"వద్దు మామా, పని ఉన్నది."

"యల్లా, కూసో."

బూట్లు విప్పి, అందరికీ దూరంగా ధార పక్కన కాళ్ళు పెట్టాను. పదేళ్ళ సిమెంటు పనికి నా మడమలు పగిలి బీటలు వారి ఉన్నాయి. చేపలు ఒకటొకటిగా మామా కాళ్ళను, పిల్లల కాళ్ళను, ముదీర్ కాళ్ళను వదిలేసి నా వైపు వచ్చేశాయి. పిల్లలు అలిగారు. తమ దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వస్తాయని అడిగితే, వాటికి నా దగ్గర పని చాలా ఉందని మామా చెప్పింది.